ఒకే ఇంగ్లీషు, వేర్వేరు అర్థాలు: ఎవరి ఇంగ్లీషు నేర్చుకోవాలి?

ప్రశ్న: వంశధార, గుణుపురం

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లాలోని గుణుపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు వింటూ పెరిగి, బరంపురంలో చదువు ముగించుకుని, ప్రస్తుతం ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు పనిచేస్తున్నాను. మా బృందంలో భువనేశ్వర్‌కు చెందిన ఒడియావారు, అమెరికావారు, ఇంగ్లండుకు చెందిన ఒక పెద్దాయన ఉన్నారు. అందరం మాట్లాడుకునేది ఇంగ్లీషే కాబట్టి భాష విషయంలో ఇబ్బంది ఉండదని మొదట అనుకున్నాను. ఇప్పుడు చూస్తే తెలియని మాటలు పెద్దగా ఇబ్బంది పెట్టడం లేదు. చిక్కులన్నీ బాగా తెలిసిన మాటలతోనే వస్తున్నాయి.

ఉదాహరణకు, ప్రోగ్రాములో ఒక మార్పు చేసి, దానిని పరిశీలించి జవాబివ్వవలసిందిగా అమెరికాలోని సహోద్యోగికి "ప్లీజ్ చెక్ అండ్ రివర్ట్" అని రాశాను. మన కార్యాలయాల్లో ఎన్నో ఉత్తరాలు ఈ మాటతోనే ముగుస్తాయి కదా. తెల్లవారి చూసేసరికి ఆయన నా మార్పును పూర్తిగా తొలగించి, ప్రోగ్రామును పాత స్థితికి చేర్చి, పని అయిపోయిందని మర్యాదగా తెలియజేశారు. సాఫ్ట్‌వేర్‌లో 'రివర్ట్' అంటే చేసిన మార్పును వెనక్కి తీసివేయడమని నాకు తెలియక కాదు, ఆ ఆదేశాన్ని నేనూ తరచుగా వాడుతూనే ఉంటాను. అయినా ఉత్తరం రాసేటప్పుడు ఆ అర్థం నా మనసుకు తట్టనే లేదు.

మరొకటి, నేను తయారుచేసిన ఒక నివేదికను చూసి మా ఇంగ్లండు పెద్దాయన "క్వైట్ గుడ్" అని రాశారు. అది చూసి అమెరికా మిత్రుడు నన్ను అభినందించాడు, నేనూ సంతోషించాను. వారం తిరగకముందే ఆ నివేదికలో సగం తిరిగి రాయవలసి వచ్చింది. వీటికి తోడు, సమావేశంలో నేను "ఐ హావ్ ఎ డౌట్" అన్నప్పుడల్లా ఎదుటివారు తమ మాటను నేను నమ్మడం లేదన్నట్టుగా సంజాయిషీ మొదలుపెడుతున్నారు. 'ఫిఫ్టీన్' అని నేను చెబితే 'ఫిఫ్టీ' అని రాసుకుంటున్నారు.

మా మేనేజరు ఉచ్చారణ శిక్షణ తరగతులకు వెళ్లమంటున్నారు. నేను అడగదలచుకున్నది రెండే విషయాలు. నేను రాసేదీ మాట్లాడేదీ తప్పుడు ఇంగ్లీషేనా? ఆ తరగతుల వల్ల ఈ చిక్కులు తీరుతాయా?


జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, బరంపురం

బాబూ, మీ ప్రశ్నలో నాలుగు ఉదాహరణలు ఉన్నాయి, కానీ అవి నాలుగూ ఒకే జాతికి చెందినవి కావు. వాటిని వేరుచేసి చూస్తే మీ రెండవ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

ఇంగ్లీషు అనేక దేశాల్లో అనేక రూపాలుగా స్థిరపడిందన్న విషయాన్ని పండితలోకంలో గట్టిగా నిలబెట్టినవారిలో శ్రీనగర్‌లో పుట్టిన బ్రజ్ కచ్రూ ముఖ్యులు. 1980లలో ఆయన ఇంగ్లీషును మూడు వలయాలుగా విభజించి, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వంటివాటిని లోపలి వలయంలోను, భారతదేశం, నైజీరియా, సింగపూర్ వంటివాటిని వెలుపలి వలయంలోను, చైనా, జపాన్ వంటివాటిని విస్తరిస్తున్న వలయంలోను ఉంచారు. ఆయనతో కలిసి పనిచేసిన లారీ స్మిత్ అర్థం చేసుకోవడంలో మూడు అంతస్తులు ఉంటాయన్నారు. పలికిన మాట ఏదో చెవి గుర్తుపట్టడం మొదటిది, ఆ మాటకు అర్థం తెలియడం రెండవది, ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నారో గ్రహించడం మూడవది. మీ 'ఫిఫ్టీన్' మొదటి అంతస్తులోనిది. 'రివర్ట్', 'డౌట్' రెండవదానిలోనివి. 'క్వైట్ గుడ్' మూడవదానిలోనిది. ఉచ్చారణ తరగతి మొదటి అంతస్తును మాత్రమే బాగుచేయగలదు. పై రెండింటికీ అక్కడ మందు దొరకదు.

ఇక తప్పా ఒప్పా అన్న ప్రశ్న. జవాబివ్వడమనే అర్థంలో 'రివర్ట్' మన దేశంలోనే కాక సింగపూర్, మలేషియా కార్యాలయాల్లోనూ నిత్యవ్యవహారంలో ఉంది. మనల్ని చూసి నలుగురూ నవ్వే 'డూ ది నీడ్‌ఫుల్' ఒకప్పుడు బ్రిటిషువారి కార్యాలయ భాషే. వారు దానిని వదిలేశారు, మనం భద్రంగా దాచుకున్నాం. 'డౌట్' సంగతి వేరు. మన 'సందేహం' అనే మాటలో నమ్మకం లేకపోవడం అనే అర్థంతోపాటు అడిగి తెలుసుకోవలసిన అంశం అనే అర్థం కూడా ఇమిడి ఉంది. తరగతి గదిలో సందేహం అడగడం వినయం. ఇంగ్లీషు మాటలో ఆ రెండవ అర్థం లేకపోవడంతో అక్కడివారికి అది ఆక్షేపణలా వినిపిస్తుంది. 'పాస్డ్ అవుట్' అన్నదీ ఇటువంటిదే. కళాశాలలో చదువు పూర్తిచేశానని మన కుర్రవాడు అంటే, ఏ రోగమో వచ్చి అక్కడే స్పృహ తప్పి పడిపోయాడేమోనని అమెరికావారు జాలిపడతారు.

అయితే ఇది మన ఇంగ్లీషుకు మాత్రమే పట్టిన బాధ అనుకోవద్దు. లోపలి వలయంవారు తమలో తామే ఇంతకన్నా పెద్ద చిక్కుల్లో పడ్డారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైనికాధికారులు ఒక పత్రాన్ని అత్యవసరంగా చర్చకు పెట్టదలచి, దానిని 'టేబుల్' చేస్తామని అమెరికా అధికారులతో అన్నారు. బ్రిటన్‌లో, మన పార్లమెంటులో కూడా, ఆ మాటకు సభ ముందు ఉంచడమని అర్థం. అమెరికాలో చర్చను పక్కన పెట్టేయడమని అర్థం. ఇరుపక్షాలవారూ నిజానికి ఒకటే కోరుకుంటూ చాలాసేపు కటువుగా వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధచరిత్రలో రాశారు. 'బిలియన్' అనే అంకె సంగతీ అంతే. బ్రిటన్‌లో దానికి సంప్రదాయంగా లక్ష కోట్లని, అమెరికాలో వంద కోట్లని అర్థం ఉండేది. 1974లో ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వ లెక్కల్లో అమెరికా అర్థాన్నే పాటిస్తామని ప్రకటించారు. ఒక దేశం తన అంకెనే మార్చుకోవలసి వచ్చిందంటే, మీ 'రివర్ట్' ఏపాటిది?

మన బరంపురంలోనే 1894లో పుట్టిన వి.వి. గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడివారు "అయామ్ ఆఫ్టర్ హావింగ్ మై డిన్నర్" అంటే, ఇప్పుడే భోజనం చేసి వచ్చానని అర్థం. కొత్తవారికి మాత్రం భోజనం కోసం వెతుక్కుంటున్నాడేమో అనిపిస్తుంది. బరంపురంలో పాఠ్యపుస్తకాల ఇంగ్లీషు చదువుకుని వెళ్లిన కుర్రవాడి చెవికి ఆ మాటలు ఎలా సోకి ఉంటాయోనని ఊహించుకోవడం నాకు ఇప్పటికీ ఒక సరదా.


జవాబు: మహేంద్రతనయ, పర్లాకిమిడి

మాస్టారు చెప్పిన మూడు అంతస్తుల మాట నాకు చాలా నచ్చింది. నేను పర్లాకిమిడి నుంచి వచ్చి ఇంగ్లండు ఉత్తర భాగంలోని యార్క్‌షైర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. పుస్తకాల భాష వేరు, జనం నోట పలికే భాష వేరు అని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి దాన్ని అయి ఉండీ, ఇంగ్లీషు విషయంలో ఆ పాఠం నాకు ఇక్కడికి వచ్చాకే తలకెక్కింది. పరీక్షల కోసం నేర్చుకున్న ఇంగ్లీషు ఆసుపత్రి వార్డులో నాకు ఎక్కడా వినిపించలేదు.

ముందు మాటల సంగతి చెబుతాను. ఇక్కడ 'సర్జరీ' అంటే వీధి చివర కుటుంబ వైద్యుడు కూర్చునే చోటు. ఆపరేషన్ అనే అర్థం కూడా ఉంది గానీ, "రేపు తొమ్మిదికి సర్జరీకి రండి" అంటే కంగారు పడనక్కరలేదు, వెళ్లి దగ్గుమందు రాయించుకుని రావచ్చు. 'ప్లాస్టర్' అంటే చిన్న గాయం మీద అంటించే పట్టీ. మనవాళ్లు ఆ మాట వినగానే ఎముక విరిగిందని హడలిపోతారు. 'డిన్నర్' అంటే చాలామంది పెద్దవారికి మధ్యాహ్న భోజనం, 'టీ' అంటే సాయంకాల భోజనం. టీ తీసుకున్నారా అని రోగిని అడిగి, ఆయన లేదంటే, ఒక కప్పు టీ తెచ్చి ఇచ్చి పని అయిపోయిందనుకుంటే ఆ పెద్దాయన రాత్రంతా ఆకలితో ఉంటాడు. 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర. జర్మనీ నుంచి వచ్చిన నర్సులకు వారి భాషలో అదే పద్ధతిలో చెబితే ఆరున్నర అవుతుంది. అందువల్లనే మందులిచ్చే పట్టికలో నోటిమాటలను నమ్మకుండా 19:30 అని ఇరవైనాలుగు గంటల లెక్కలో రాస్తాం. "నైన్ వైల్ ఫైవ్" అని పాతతరంవారు అంటే తొమ్మిది నుంచి ఐదు వరకు అని అర్థం. 'వైల్' అనే మాటకు ఆ అర్థం యార్క్‌షైర్ దాటితే చాలామందికి తెలియదు.

వీటిని నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. అసలు కష్టం మాస్టారు చెప్పిన మూడవ అంతస్తులో ఉంది. ఎదురుపడిన ప్రతివారూ "ఆల్ రైట్?" అంటారు. ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారనుకుని నా మెడనొప్పి గురించి మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. అది పలకరింపు మాత్రమేనని, మళ్లీ "ఆల్ రైట్" అంటే సరిపోతుందని ఎవరూ చెప్పలేదు. "నాట్ టూ బ్యాడ్" అంటే బాగానే ఉన్నానని. 'పూర్లీ' అంటే ఒంట్లో బాగా లేకపోవడం, జలుబు చేసినా అదే మాట. కానీ వైద్యుడు రోగి బంధువులను పక్కకు పిలిచి, మెల్లగా "వెరీ పూర్లీ" అన్నాడంటే ప్రాణానికే ముప్పు ఉందని హెచ్చరిస్తున్నాడన్నమాట. మన ఊళ్లో అంత గట్టి సంగతిని అంత మెత్తగా చెప్పరు కాబట్టి, ఆ బరువు మన చెవికి అందదు.

మనవైపు నుంచి కూడా ఇటువంటివి ఉన్నాయి. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకు 'బీపీ', 'షుగర్' ఉన్నాయని నమోదు చేసే అమ్మాయికి చెబితే, రక్తపోటు, చక్కెర అందరికీ ఉంటాయి కదా అన్నట్టు చూసింది. 'లూజ్ మోషన్స్' అన్న మాట అసలే అర్థం కాలేదు. ఆసుపత్రిలో పనిచేస్తున్న నా నోటి నుంచే ఆ మాటలు వచ్చాయి. అంత సహజంగా అతుక్కుపోయి ఉంటాయి అవి.

ఒక విషయంలో మాత్రం తేలికగా సర్దుకుపోయాను. ఎనభై ఏళ్ల ముసలాయన "థాంక్యూ, లవ్" అంటే మొదట ఒళ్లు మండింది. మన పెద్దవాళ్లు ఏ ఆడపిల్లనైనా "తల్లీ" అన్నట్టే అది అని తెలిశాక, అలా అననివారి దగ్గరే వెలితిగా ఉంటోంది.


జవాబు: నాగావళి, రాయగడ

అందరూ అమెరికా, ఇంగ్లండు అంటున్నారు గానీ, మన సరిహద్దులోనే రెండు ఇంగ్లీషులు ఉన్నాయని ఎవరూ అనడం లేదు. మొదటి అంతస్తును మాస్టారు కొంచెం చిన్నచూపు చూశారని కూడా నాకనిపిస్తోంది. నేను రాయగడలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే కొట్టు నడుపుతున్నాను. నా దగ్గరకు వచ్చే చిక్కుల్లో పెద్దభాగం ఆ మొదటి అంతస్తువే.

ఒడియాలో 'వ', 'బ' అనే తేడా మనకున్నంత స్పష్టంగా లేదు. మనం వసంత అనేదానిని వారు బసంత అంటారు, విజయను బిజయ అంటారు. అదే అలవాటు ఇంగ్లీషులోకీ వస్తుంది. ఒడియావారు 'వ్యాన్' అన్నది మనకు 'భ్యాన్' అని వినిపిస్తుంది; 'షీ' అన్నది 'సీ' అవుతుంది. మనవారు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. 'ఎమ్' అక్షరాన్ని 'యెమ్' అని, 'ఎన్' అక్షరాన్ని 'యెన్' అని పలుకుతారు. ఫోనులో ఆ రెండింటికీ తేడా తెలియక ఒడియా గుమాస్తా తల పట్టుకుంటాడు. ఫలితం ఏమిటంటే, తండ్రి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక కాగితంలో 'వి'తోను, మరొక కాగితంలో 'బి'తోను ఉంటుంది. పార్వతీపురంలో చదివిన పిల్లవాడికి ఒకటి, ఇక్కడ చదివిన అతని చెల్లెలికి మరొకటి. పాస్‌పోర్టు దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలని రుజువు చేసుకోవలసిన పరిస్థితి వస్తుంది.

అమెరికావారు చివరి అక్షరాన్ని 'జీ' అంటారు. మన చెవికి అది ఏడవ అక్షరంగానే వినిపిస్తుంది. మనం ఫోను నంబరు చెబుతూ "డబుల్ ఫైవ్, ట్రిపుల్ టూ" అంటే వారికి తికమకగా ఉంటుంది. అందుచేత పేర్లు, నంబర్లు చెప్పేటప్పుడు మాత్రం ఉచ్చారణను తేలికగా తీసుకోకండి. "వి ఫర్ వైజాగ్" అని మనం మనలో మనం అనుకుంటే చెల్లుతుంది. వైజాగ్ ఎక్కడుందో తెలియనివారికి "వి ఫర్ విక్టర్" అనాలి.


జవాబు: గోపాల్‌పూర్ నావికుడు

ఈ చర్చకు నావైపు నుంచి చేర్చదగినది కొంత ఉంది. నేను సరుకు ఓడల్లో అధికారిగా పనిచేస్తున్నాను. ఓడ నడిపే గదిలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడు, ఒక ఉక్రెయిన్ కెప్టెన్, నేను ఉంటాం; రేవు దగ్గరకు రాగానే దారి చూపడానికి మరో దేశపు పైలట్ ఎక్కుతాడు. నలుగురిదీ ఇంగ్లీషే, నలుగురిదీ నాలుగు రకాలు. మా దగ్గర ఒక మాట తప్పుగా అర్థమైతే నివేదిక తిరిగి రాయడంతో పోదు, ఓడ ఇసుకతిన్నె మీదికి ఎక్కుతుంది. కాబట్టి ఎవరి ఇంగ్లీషు సరైనదన్న తగవు జోలికి పోకుండా, నావికా రంగం వేరే దారి తొక్కింది.

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక నావికా సంభాషణ వాక్యాల పుస్తకాన్ని ఆమోదించింది. ఓడ నడిపే అధికారి ఎవరైనా వాటిని నేర్చుకుని తీరాలి. అందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే నియమం, చెప్పబోయే మాట ఏ రకమైనదో ముందే ప్రకటించడం. ఆదేశం, సలహా, హెచ్చరిక, సమాచారం, ప్రశ్న, జవాబు, అభ్యర్థన, ఉద్దేశం అని ఎనిమిది గుర్తుమాటలు ఉన్నాయి. సందిగ్ధానికి తావున్నప్పుడు ఆ గుర్తుమాటను ముందు పలికి, తరువాత విషయం చెబుతాం. అప్పుడు ఎదుటివాడు నా స్వరాన్ని బట్టి, మర్యాదను బట్టి ఊహించుకోవలసిన పని ఉండదు. మాస్టారు చెప్పిన మూడవ అంతస్తును ఇలా ఒక్క మాటతో దాటుతాం.

మరొక నియమం ప్రకారం 'మే', 'మైట్', 'షుడ్', 'కుడ్' వంటి మాటలు వాడకూడదు. ఒకరికి అనుమతిగా వినిపించేది మరొకరికి అవకాశంగా, ఇంకొకరికి సలహాగా వినిపిస్తుంది. కాలువలోకి ప్రవేశించవచ్చునా అని 'మే'తో అడగడానికి బదులు, 'ప్రశ్న' అని ముందు పలికి, కాలువలోకి ప్రవేశించడానికి నాకు అనుమతి ఉందా అని సూటిగా అడగాలి. చుక్కాని తిప్పే ఆదేశాల్లో తప్ప అంకెలను విడివిడిగా చెప్పాలి. మేము 'ఫిఫ్టీన్' అనం, 'వన్ ఫైవ్' అంటాం. 'ఫిఫ్టీ' అనం, 'ఫైవ్ జీరో' అంటాం. వంశధార గారి నాలుగవ బాధ ఈ ఒక్క అలవాటుతో తీరిపోతుంది. విన్నవాడు విన్నదానిని తిరిగి చెప్పడం కూడా తప్పనిసరి.

విమానయానంవారిదీ ఇదే దారి. 1977 మార్చిలో టెనెరిఫే ద్వీపంలో రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. డచ్ పైలట్ తాను 'టేకాఫ్' దగ్గర ఉన్నానన్న మాటను, ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడని నియంత్రణ గదివారు అర్థం చేసుకున్నారు. అతడు అప్పటికే పరుగు మొదలుపెట్టాడు. పొగమంచు, రేడియోలో ఒకరి మాటలమీద మరొకరి మాటలు పడటం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, ఆ మాటకున్న రెండర్థాలు కూడా ప్రాణాలు తీశాయి. ఆ తరువాత, ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప ఆ మాటను పలకకూడదని, మిగిలిన చోట్ల 'డిపార్చర్' అనాలని కట్టడి చేశారు. మనవాళ్లకు ఊరట కలిగించే సంగతి ఒకటి చెబుతాను. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ మూడు అంకెను 'ట్రీ' అని, వెయ్యిని 'టౌజండ్' అని పలకమని నియమం పెట్టింది. మన పంతుళ్లు బెత్తంతో మాన్పించబోయిన ఉచ్చారణే ఆకాశంలో ప్రమాణం.

ఇటువంటి కట్టుబాటు లేనిచోట ఏమవుతుందో దక్షిణాఫ్రికా రేవుల్లో చూడవచ్చు. అక్కడ "జస్ట్ నౌ" వస్తానన్న మనిషి కోసం మన అర్థంతో మెట్ల దగ్గర నిలబడితే కాళ్లు పీకుతాయి. వారి వాడుకలో దానికి తరువాత ఎప్పుడో అని అర్థం. కాస్త త్వరగా వస్తానంటే 'నౌ నౌ' అంటారు. దారి అడిగితే 'రోబోట్' దగ్గర ఎడమకు తిరగమంటారు. అది ట్రాఫిక్ సిగ్నల్.

వంశధార గారూ, మీ ఉత్తరాల్లో మా పద్ధతిని ప్రయత్నించి చూడండి. మొదటి పంక్తిలోనే అభ్యర్థన అనో, ప్రశ్న అనో, సమాచారం అనో రాయండి. తేదీలో నెలను అంకెగా కాక పేరుగా రాయండి. 03/04 అంటే మనకు, బ్రిటన్‌వారికి ఏప్రిల్ మూడు, అమెరికావారికి మార్చి నాలుగు. లక్షలు, కోట్లు, మన పద్ధతిలో పెట్టే కామాలు బయటి దేశాలకు పంపే కాగితాల్లో వద్దు.


వంశధార, గుణుపురం

అందరికీ ధన్యవాదాలు. నావికుడు గారి గుర్తుమాటల పద్ధతిని ఈ వారం నుంచే మొదలుపెట్టాను. అమెరికా సహోద్యోగి వింతగా చూడలేదు సరికదా, తానూ అలాగే రాస్తున్నాడు. కానీ ఇంగ్లండు పెద్దాయన మాత్రం ఓడ మీద లేరు కదా! ఆయన గుర్తుమాటలు పెట్టి రాయమంటే రాయరు. "క్వైట్ గుడ్" అని, "నాట్ ఎ బ్యాడ్ ఐడియా" అని ఆయన రాసినప్పుడు బరువు ఎంతో తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా మాస్టారూ? 'డూ ది నీడ్‌ఫుల్' అనడం మానేయాలా? ఉచ్చారణ తరగతికి వెళ్లాలా వద్దా అన్నది కూడా ఇంకా తేల్చుకోలేదు.


జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, బరంపురం

నాగావళి గారి ఆక్షేపణను ఒప్పుకుంటున్నాను. పేర్ల విషయంలో మొదటి అంతస్తే ప్రాణం.

'క్వైట్' సంగతి చెబుతాను. 'రైట్', 'ఇంపాజిబుల్' వంటి, ఎక్కువ తక్కువలు లేని మాటల ముందు వస్తే, దానికి అన్ని దేశాల్లోనూ పూర్తిగా అనే అర్థమే. 'గుడ్' వంటి, తరతమాలున్న మాటల ముందు వస్తే అమెరికాలో చాలా అని, బ్రిటన్‌లో ఎక్కువగా ఫరవాలేదు అని. అందులోనూ బ్రిటిషువారు 'గుడ్' మీద ఊనిక వేస్తే, అంటే దానిని ఒత్తి పలికితే, మెచ్చుకోలు, 'క్వైట్' మీద వేస్తే పెదవి విరుపు. ఆ ఊనిక చెవికే అందుతుంది, కాగితం మీద కనిపించదు. అందుచేత విశేషణాన్ని తూచుతూ కూర్చోకుండా, ఏ భాగాలు మార్చాలో, ఎప్పటిలోగా మార్చాలో ఆయననే అడగండి. ఆ ప్రశ్నకు ఏ బ్రిటిషు పెద్దమనిషీ నొచ్చుకోడు, మర్యాద ముసుగు తీసి జాబితా ఇస్తాడు.

మెత్తగా చెప్పడమనే వారి అలవాటు అమెరికావారికే అందలేదు. కొరియా యుద్ధంలో, 1951 ఏప్రిల్‌లో, ఇమ్జిన్ నది దగ్గర చైనా సేనలు బ్రిటిష్ దళాన్ని చుట్టుముడుతున్నప్పుడు, బ్రిటిష్ బ్రిగేడియర్ తన పై అధికారి అయిన అమెరికా సేనానికి పరిస్థితి "ఎ బిట్ స్టికీ" అని నివేదించాడని, ఆ సేనాని దానిని కాస్త ఇబ్బంది అనే అర్థంలోనే తీసుకున్నాడని చరిత్రకారులు తరచుగా ప్రస్తావిస్తారు. ఆ దళంలోని గ్లాస్టర్ పటాలంలో అధికభాగం ఆ పోరులో చనిపోవడమో, పట్టుబడటమో జరిగింది. పర్లాకిమిడి అమ్మాయి చెప్పిన 'వెరీ పూర్లీ' ఆ కుదురులోనిదే.

'నీడ్‌ఫుల్' అనే మాటను మన జిల్లా కార్యాలయాలకు రాసే ఉత్తరాల్లో నిక్షేపంగా ఉంచుకోండి. అక్కడ అది లేకపోతేనే ఉత్తరం అసంపూర్తిగా కనిపిస్తుంది. బయటి దేశాలవారికి రాసేటప్పుడు మాత్రం చేయవలసిన పని ఏదో విడమరిచి రాయండి. 'రివర్ట్'కు బదులు 'రిప్లై' అనండి. 'ఐ హావ్ ఎ డౌట్' బదులు 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అనండి.

తరగతికి వెళ్లండి, కానీ అక్కడ ఏమి నేర్పాలో మీరే ముందు నిర్ణయించుకుని వెళ్లండి. వేర్వేరు మాతృభాషలవారు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు ఏ ధ్వనుల వల్ల నిజంగా అపార్థాలు వస్తున్నాయో భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ పరిశీలించి, 2000లో ఒక జాబితా ప్రకటించారు. అచ్చుల హ్రస్వదీర్ఘ భేదాలు, హల్లుల గుంపులు, వాక్యంలో ప్రధానమైన ఊనిక ఎక్కడ పడాలన్నది అందులో ఉన్నాయి. నాలుకను పళ్ల మధ్య పెట్టి పలికే 'థ' ధ్వని అవసరమైనవాటిలో లేదు. హ్రస్వదీర్ఘాలు తెలుగువారికి ఉగ్గుపాలతో అబ్బినవే కాబట్టి, మీ సమయమంతా ఊనిక మీద పెట్టమని శిక్షకుడిని అడగండి. మనం 'ఫిఫ్టీన్'లో రెండు అక్షరాలనూ సమానంగా పలకడం వల్ల కూడా అమెరికావారికి అది 'ఫిఫ్టీ'గా వినిపిస్తూ ఉండవచ్చు. మొదటి వారమంతా 'థ' పలికించడంతోనే గడిపే తరగతి అయితే, ఆ రుసుము మీ సంస్థ కట్టినా సరే, మానేయవచ్చు.